నీటిరంగులలో మేళము



కొత్తరీతి చిత్రమునొకదానిని చూచినప్పుడు మన పల్లెపెద్దలలో పలువురు ఒకే మాట యందురు: "ఇది మనిషివలె లేదు" అని. ఆ చిత్రములో మేళగాండ్రున్నారనుకొనుడు. డోలు వాయించువాని చేయి మోకాలు దాటిన పొడవున నున్నది. సన్నాయి యూదువాని ముఖమున ఉబ్బిన బుగ్గలే కాని కన్నులు లేవు. తాళము వేయువానికి పాదములే కనబడవు. అతని పంచె నీలపు మడుగువలె కాగితపు అడుగున కలిసిపోయినది. వెనుక గోడ లేదు, పందిరి లేదు. ఒకచోట ఎఱ్ఱని మరక, ఒకచోట పచ్చని మరక. ఇది చేతగానివాడు వ్రాసినదా, లేక మనలను పరిహసించుటకు వ్రాసినదా యను సందేహము కలుగుట సహజము. ఆ సందేహమునుగూర్చియే నేటి ప్రసంగము. రేడియోలో నేను చిత్రమును చూపజాలను, మీరు చూడజాలరు. అయినను వాద్యకారుల చిత్రమునుగూర్చి చెవితో వినుట అసంగతము కాదు. అట్టి చిత్రము కంటికెంత చెందినదో చెవికి నంత చెందినది.

మొదట నీటిరంగు సంగతి చెప్పెదను. రంగుమన్నును గాని, రంగురాతిని గాని మెత్తగా నూరి బంకనీటితో కలిపినచో నీటిరంగగును. ఆ బంక తుమ్మజాతి చెట్టునుండి వచ్చునదే. నూనెరంగు చిక్కనిది, తప్పు వచ్చినచోట, ఆరిన పిమ్మట, మరియొక పూత పూసి కప్పవచ్చును. నీటిరంగు పలుచనిది, దానిగుండ కాగితపు తెలుపు కనబడుచుండును. తెల్లని పంచెను వ్రాయవలెనన్న చిత్రకారుడు తెల్లరంగు పూయక, ఆ చోటును వట్టిదిగా విడిచిపెట్టును. కాగితమే అతనికి వెలుగు. ఒకసారి కుంచె తాకిన చోటు మరల మొదటి తెలుపునకు రాదు.

తడి కాగితముపై రంగు పెట్టినచో అది తానై ప్రాకును. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద మడికి నీరు కట్టు త్రిపురారము రైతునకు ఈ పనిని వివరింప నక్కరలేదు. నీరు ఏ వాలునకు పోవునో ఎరిగి, గట్టు తెంపవలసిన చోట తెంపి, మూయవలసిన చోట మూసి, తక్కినది నీటికే విడిచిపెట్టవలెను. పారతో తోసినంతమాత్రమున మడి తడియదు. నీటిరంగుల చిత్రకారుని పనియు ఇట్టిదే. కాగితము ఎంత తడిగా నున్నది, రంగు ఎంత చిక్కగా నున్నది, కుంచెను ఎప్పుడు ఎత్తవలెను అను మూడు సంగతులెరుగుటలోనే అతని విద్య యంతయు గలదు.

ఇందువలననే ఈ రంగు సంగీతమునకు దగ్గరి చుట్టము. గాయకుని నోట వెలువడిన స్వరము వెనుకకు రాదు. డోలుపై పడిన దెబ్బను తుడిచివేయ వీలులేదు. మేళమును వ్రాయుటకు నీటిరంగును ఎన్నుకొన్న చిత్రకారుడు, మేళగాని సాహసమును తానును తలకెత్తుకొనుచున్నాడు.

ఇక "మనిషివలె లేదు" అను ఆక్షేపణకు వత్తము. మన ప్రాంతపు గుడులను తలచుకొనుడు. సూర్యాపేటకు సమీపమున పిల్లలమఱ్ఱిలో రేచర్ల ప్రభువుల కాలమున, 13వ శతాబ్ది ఆరంభమున, శివాలయములు వెలసినవి. అదే రేచర్ల వంశమువాడైన రుద్రుడు 1213లో పాలంపేటయందు రామప్పగుడిని కట్టించెను. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. రామప్పగుడిలో మద్దెల వాయించువారి శిల్పములును, నర్తకుల శిల్పములును గలవు. చూరు క్రింద నిలిచిన నల్లరాతి మదనికల కాళ్లును నడుములును సహజమునకు మించిన పొడవు గలవి. అట్టి దేహమును ఏ వైద్యుడును చూచియుండడు. అయినను ఎనిమిది వందల యేండ్లుగా ఆ గుడికి పోయినవారెవ్వరును శిల్పికి పని రాదనలేదు. ఆతడు నాట్యమును చెక్కదలచెను. నాట్యమునకెంత పొడవు కావలెనో అంత పొడవిచ్చెను. ఆ సంగతి చూచినవారికి చెప్పకయే తెలిసినది.

గుడి వరకు పోనక్కరలేదు. తోలుబొమ్మను చూడుడు. దాని ముఖము ప్రక్కకు తిరిగియుండును. కన్ను మాత్రము ఎదుటనుండి చూచినట్లు నిండుగా నుండును. చేర్యాల నకాషీలు వ్రాయు కథాపటమును చూడుడు. గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల అంబలియు పట్టించి, దానిపై బొమ్మలు దింపుదురు. అందు కథానాయకుడు పెద్దగాను, పరివారము చిన్నదిగాను ఉండును; దూరము, దగ్గర యను లెక్క లేదు. బొమ్మల వెనుక ఎఱ్ఱరంగు నిండియుండును. "ఆకాశము ఇంత ఎఱ్ఱగా నుండునా?" అని పటము చెప్పువానిని నిలవేసిన శ్రోత లేడు.

అట్లయినచో బొమ్మ మనిషివలెనే యుండవలెనను పట్టుదల మనకు ఎక్కడనుండి వచ్చినది? ఇది పాతది కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రమును నెలకొల్పిన పిమ్మట ఆయన లక్ష్మియు సరస్వతియు అచ్చుపటములై దేశమంతట ఇండ్ల గోడలకెక్కిరి. ఆయన సరస్వతి చేతనున్న వీణ నిజమైన వీణవలెనే యుండును. చీర మడతలు నిజమైన మడతలవలెనే యుండును. అది గొప్ప నేర్పు. దాని వెనువెంట ఫోటోలును, క్యాలెండరులును వచ్చినవి. వాటికి అలవాటుపడిన మన కన్ను, తాతలు ఎరిగిన మరియొక చూపును క్రమముగా మరచినది. కాబట్టి కొత్తరీతి చిత్రము మనయెదుట పెట్టునది కొన్నివిధముల మన పాత చూపే.

పడమటి దేశములలో ఈ మార్పు మరియొక త్రోవను వచ్చినది. 1839లో ఛాయాగ్రహణ యంత్రము లోకమునకు వెల్లడియైనది. ఉన్నది ఉన్నట్లు దింపు పనిని యంత్రము క్షణములలో చేయసాగినప్పుడు, చిత్రకారునికి మిగిలిన పని యేమి యను ప్రశ్న పుట్టినది. దానికి కొందరు సంగీతమునుండి సమాధానము తెచ్చుకొనిరి. పాట ఏ వస్తువును అనుకరింపదు; అయినను మనసును కదలించును. రంగును గీతయు అట్లేల చేయరాదు? 1911 జనవరిలో మ్యూనిక్ నగరమున షోన్‌బెర్గ్ అను సంగీతకర్త కచేరీ విని వచ్చిన కాండిన్‌స్కీ, ఆ కచేరీనే చిత్రముగా వ్రాసెను. అందు నల్లని పియానో ఒక పెద్ద నల్లని ముద్ద. దాని చుట్టును పసుపు పొంగిపొరలుచుండును. శ్రోతలు కొన్ని వంపుగీతలు మాత్రమే. అది నూనెరంగు చిత్రము. పాల్ క్లే అను మరియొకడు సంగీతోపాధ్యాయుని కుమారుడు, తానును వయొలిన్ వాయించువాడు. అతడు 1921లో నీటిరంగులతో "ఎఱుపులో ఫ్యూగ్" అను చిత్రమును వ్రాసెను. ఫ్యూగ్ అనగా ఒక గొంతు ఎత్తుకొన్న వరుసను మరియొక గొంతు వెంబడించి అందుకొను పాట. ఆ చిత్రములో ఒక్కొక్క ఆకారము చీకటిలో మొదలై, మరల మరల వచ్చుచు, తుదకు లేత ఎరుపుగా వెలుగును. మనిషి లేడు, వాద్యము లేదు. పాట నడక మాత్రము గలదు. మరుసటి యేడు, 1922లో, కలకత్తాలో ఒక ప్రదర్శన జరిగినది. అందు క్లే, కాండిన్‌స్కీల నీటిరంగు చిత్రములను మన దేశమువారును చూచిరి.

మన దేశములో ఈ రెండు త్రోవలు, అనగా పాత పటముల చూపును కొత్త చిత్రముల ధైర్యమును, కలిసిన తావు ఒకటి గలదు. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురమున కాంగ్రెసు మహాసభ జరిగినది. సుభాష్ చంద్ర బోసు దానికి అధ్యక్షుడు. ఆ సభానగరమును అలంకరింపుమని గాంధీమహాత్ముడు శాంతినికేతనపు ఆచార్యుడు నందలాల్ బోసును కోరెను. సభకు వచ్చు గ్రామీణులు దారిన నడచుచునే చూడగలుగునట్లు బొమ్మలుండవలెనని ఆయన అభిమతము. నందలాల్ ఎనుబదికి పైగా పటములు వ్రాసెను. శిష్యులు వాటికి ప్రతులు వ్రాయగా మొత్తము నాలుగు వందల వరకైనవి. మట్టిరంగులను బంకనీటితో కలిపి కాగితముపై వ్రాసినవి. నీటితో కలిపిన రంగులే, కాని పలుచనివి కావు. మన పటములవలె చిక్కనివి.

వాటిలో వడ్రంగి కలడు, దూదేకులవాడు కలడు, తల్లి కలదు. వీరి నడుమ వాద్యకారులును గలరు. డోలు వాయించువాని పటము పేరు గాంచినది. చిత్రకారుడు వాని కండలను లెక్కింపలేదు, బట్ట నేతను చూపలేదు. కుంచెను నిండుగా ముంచి, లావుగాను సన్నముగాను సాగు కొద్దిపాటి వంపుగీతలతో మనిషిని డోలును ఒకే ఊపున దింపినాడు. మనిషి ఎక్కడ ముగిసినాడో, డోలు ఎక్కడ మొదలైనదో విడదీసి చూడ బుద్ధి పుట్టదు. పెండ్లిపందిట మంచి డోలుగానిని చూచినవారికి ఇది అబద్ధమని తోచదు. వాయింపు ముదిరినప్పుడు మనిషి డోలులోనే యుండును కదా.

ఈ చూపు తెలంగాణమునకు గురుపరంపరగా వచ్చినది. మానుకోట ప్రాంతమువాడైన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతనమునకు పోయి నందలాల్ వద్దనే విద్య గడించి, హైదరాబాదు లలితకళల కళాశాలలో పలువురకు నేర్పిరి. నందలాల్ కాలమున శాంతినికేతనమున చదివిన కె. జి. సుబ్రమణ్యన్ తరువాత బరోడాలో ఆచార్యుడయ్యెను. ఆయన వద్ద 1970ల ఆరంభమున నేర్చినవారు తోట వైకుంఠము గారు. వీరు 1942లో పూర్వపు కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో జన్మించిరి. చిన్ననాట ఊరికి వచ్చిన నాటకసమాజములలో ఆడువేషము కట్టిన పురుషులను చూచి ముగ్ధుడనైతినని వారు చెప్పియున్నారు. వారి చిత్రములలో తలపాగా చుట్టిన పురుషులు, నిండుబొట్టు పెట్టిన స్త్రీలు, వాద్యములు పట్టినవారు ఎరుపు, పసుపు, నారింజ రంగులలో ముంచి తీసినట్లుందురు. వెనుక ఊరు కనబడదు. అయినను వారు ఏ ఊరివారో మనకు తెలియును.

పల్లెవారికి ఇట్టి చిత్రములు అర్థము కావని పట్టణములలో నొక అపోహ గలదు. దానికి జవాబుగా నొక వృత్తాంతము. 1960ల దశకమున రామమనోహర లోహియా గారు మక్బూల్ ఫిదా హుసేను అను చిత్రకారునితో, ధనికుల గోడలకు గాక దేశప్రజలకు రామాయణమును వ్రాయుమని చెప్పిరి. హైదరాబాదులోని బద్రివిశాల్ పిత్తీ గారి ప్రోత్సాహమున హుసేను ఆ పని చేసెను. ఆ చిత్రములను ఎడ్లబండిపై పల్లెలకు గొనిపోయి పరచినప్పుడు ఎవ్వరును ప్రశ్నింపలేదనియు, పట్టణమువారయినచో కన్నేది, ఇతడు రాముడని ఎట్లు తెలియుననియు అడిగియుందురనియు ఆయనయే చెప్పెను. పటము కథ విని పెరిగినవారికి రాముని గుర్తించుటకు కనురెప్ప వెండ్రుకలు లెక్కింప నక్కర లేకపోయినది.

కావున మీ పట్టణమునందలి మనుమడు గోడకు తగిలించిన చిత్రములో మేళము కనబడినచో, దానిని ఇట్లు చూడుడు. మొదట ముఖములను వెదకకుడు, చేతులను చూడుడు. చిత్రకారుడు పని జరుగు చోటును పెద్దది చేయును. డోలుగాని చేయి పొడవైనదనగా దెబ్బ దూరమునుండి వచ్చుచున్నదని అర్థము. సన్నాయివాని బుగ్గలే మిగిలి కన్నులు పోయినవనగా, ఆ గడియలో వాని ప్రాణమంతయు ఊపిరిలో నున్నదని అర్థము.

తరువాత వట్టిచోట్లను చూడుడు. మీలో భజనగోష్ఠిలో తాళము వేసినవారు పలువురుందురు. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు: ఒక లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు రెండేసి. చేతితో వేయునప్పుడు ఎనిమిదింటిలో చప్పుడు మూడింటికే. తక్కిన ఐదును వ్రేళ్ల లెక్కతోను, చేయి త్రిప్పుటతోను నిశ్శబ్దముగా సాగును. ఆ ఐదింటిని మ్రింగినచో తాళము లేదు. నీటిరంగులో పూయక విడిచిన తెలుపు అట్టి నిశ్శబ్దము. మంచి చిత్రములో అది ఊరక మిగిలిన చోటు కాదు. లెక్కపెట్టి విడిచిన చోటు.

పిమ్మట రంగులను వెంబడింపుడు. తలపాగాలోని ఎరుపు డోలు పట్టెడలో మరల వచ్చునేమో, మూలనున్న మరకలో మూడవమారు వచ్చునేమో చూడుడు. పల్లవి తిరిగి తిరిగి వచ్చినట్లు అది వచ్చుచుండును. వెనుక పరచిన పలుచని పూత తంబుర శ్రుతివంటిది. దానిని ఎవ్వరును ప్రత్యేకముగా వినరు, కాని అది లేనిచో తక్కినవి నిలువవు.

ఇంత చెప్పినంతమాత్రమున కొత్తరీతిది ప్రతియొకటి మంచిదని నా భావము కాదు. వంకర గీచినదెల్ల విద్య కాదు. ఇచ్చట తీర్పరులు మీరే. డోలునకు ఒక ప్రక్క పుల్ల, ఒక ప్రక్క చేయి యని మీకు తెలియును. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఎట్లు నిలుచునో, డోలువాడు వాని మాటను ఎట్లందుకొనునో మీరెరుగుదురు. చేయి ఎంత పొడవుగానైన నుండనిండు. అది డోలును సరిగా పట్టినదా? నడుము ఎంత వంగినను వంగనిండు. ఆ వంపు దరువునకు ఒదిగినదా? పట్టు తప్పినదైనచో చిత్రకారుడు మేళమును చూడకయే వ్రాసినాడు. ఆ మాట నిర్భయముగా చెప్పుడు. పట్టణములో విమర్శకుడు చెప్పలేని దోషమును మీరు చెప్పగలరు.

కాని ఆ తీర్పు చెప్పగలవారు ఎన్నాళ్లుందురు? అసలు చింత యిచ్చటనే గలదు. చేర్యాల పటము ఒకప్పుడు గోడకు తగిలించుటకు వ్రాసినది కాదు. కులపురాణములు పాడు కథకులు దానిని ఊరూర విప్పి, ఒక్కొక్క గడిని చూపుచు రాత్రంతయు కథ చెప్పుచుండిరి. పటము పాటకు ఊతకర్ర. సినిమాయు, టెలివిజనును వచ్చిన పిమ్మట కథ వినువారు తగ్గిరి. పటము చేయించువారు తగ్గిరి. నకాషీలు చిన్న పటములును, బొమ్మలును, ముసుగులును చేసి పట్టణములలో అమ్మి వృత్తిని నిలుపుకొనిరి. వారి శ్రమ వందనీయము. అయినను పాటనుండి విడివడిన పటము మూగదైనది. కొన్నవానికి ఎరుపు తెలియును, కథ తెలియదు.

కిన్నెర సంగతియు ఇట్లే. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ లభించినది. మనకు గర్వకారణమే. కాని ఒక వాద్యమును తలచినంతనే ఒక్కని పేరే నోటికి వచ్చుట ఆ వాద్యమునకు ఆరోగ్యలక్షణము కాదు. కిన్నెర పట్టినవాని చిత్రము ఎంత చక్కగానైన వ్రాయవచ్చును. ఆ చిత్రము వాని వ్రేళ్ల వంపును చూపును, తల వాల్పును చూపును, లయను సైతము కొంతవరకు పట్టును. ఏ మెట్టుపై ఏ పాట ఎత్తుకొనవలెనో మాత్రము చూపదు. రంగు ఎంత నేర్పుగలదైనను పాటను దాచజాలదు.

చిత్రకారుడు తన వంతు పని చేయును. మిగిలిన వంతు ఊరిది. మీ గ్రామమున డోలు, సన్నాయి, డప్పు, కిన్నెర, జమిడిక, ఏది పట్టినవారున్నను వారిని పండుగనాడు పిలిచి వాయింపించి, తగిన గౌరవముతో పంపుడు. వారు పాడు కథల పేర్లను, పాడు సందర్భములను, నేర్పిన గురువుల పేర్లను చదువు వచ్చిన పిల్లలచేత వ్రాయింపుడు. నేడు చేతిసంచిలో పట్టు యంత్రములతో పాటను నిలువ చేయుట కష్టము కాదు. దానిని వాయించినవాని పేరుతో సహా దాచుడు. మేళము సాగుచుండగా పిల్లవాడెవడైన కాగితము తీసి బొమ్మ గీయ మొదలిడినచో, "మనిషివలె లేదేమిరా" అని గద్దింపకుడు. "ఇది ఏ దరువు?" అని అడుగుడు. వాడు గీతను చూపి దరువు చెప్పగలిగినచో, వాడు చూచినాడు, విన్నాడు.